చిన్ని పైకి వచ్చే చోటు

మైలవరంలో మూడింటి బస్సు ఎక్కానని వినీల మెసేజ్ పెట్టి పది నిమిషాలైంది, అంటే బస్సు ఇంకా జి.కొండూరు దాటి ఉండదు, అంటే నాకు ఇంకో గంట ఉంది, మే నెల ఎండకి రోడ్డు మీద జనం ఉండరు కాబట్టి ఓ ఐదు నిమిషాలు తీసేసుకున్నా యాభై ఐదు నిమిషాలు, ఈలోపల నేను చేయాల్సినవి రెండే పనులు, ఒకటి చిన్నిని బతికించడం, రెండోది పక్క గదిలో కునుకు తీస్తున్న అమ్మని లేపి ఏడేళ్ళుగా చెప్పని ఒక్క మాట చెప్పడం. రెండిట్లో ఏది తేలికో నాకు తెలుసు, అందుకే అక్వేరియం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చిన్ని అంటే చేప. షాపులో నైఫ్ ఫిష్ అన్నారు, కత్తి చేప. వినీల తెచ్చిన రోజు నా చిటికెనవేలంత ఉంది కాబట్టి చిన్ని అని పేరు పెట్టింది, తొమ్మిదేళ్ళలో అడుగు దాటి పెరిగినా పేరు మారలేదు. వెండి రంగు ఒళ్ళు, కాస్త గూని వీపు, తోక వైపు వరసగా ఆరు నల్ల చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ సున్నంతో గీసినట్టు తెల్లని గీత. పొట్ట కింద గొంతు దగ్గర మొదలై తోక చివరిదాకా ఒకటే రెక్క, చీర కుచ్చిళ్ళు కదిలినట్టు కదుపుతూ ముందుకి ఎంత నిదానంగా పోతుందో వెనక్కీ అంతే నిదానంగా పోతుంది, మొహం తిప్పుకోవాల్సిన పని దానికి లేదు. ఇప్పుడు ఎటూ పోవడం లేదు. దాక్కోవడానికి వేసిన పైపు ముక్క పక్కన అడుగుకి ఆనుకుని కాస్త ఒక వైపుకి ఒరిగి ఉంది, దవడలు మాత్రం ఆడుతున్నాయి. కరెంటు పోయి గంటన్నర అయింది, పంపు ఆగిపోయింది, బుడగల చప్పుడు లేని ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఇవాళే తెలిసింది.

చేపని తీసుకెళ్తాను అంది పొద్దున ఫోన్లో. వేరే ఏమీ అనలేదు, మిగతా సామాను మీరే ఉంచుకోండి అని కూడా అనలేదు, అంటే మిగతా సామాను సంగతి ఆలోచించలేదనా, లేక అది మాటలకి కూడా పనికిరాదనా, నేను పొద్దుట్నుంచి ఇదే పట్టుకుని తిప్పుకుంటున్నాను. ఫిబ్రవరిలో వెళ్ళిపోయినప్పుడు గుమ్మంలో నిలబడి ఒక్కటే అంది. “అత్తయ్యగారికి చెప్పాక ఫోన్ చెయ్యండి. చెప్పకపోతే వద్దు.” మూడు నెలల్లో నేను ఫోన్ చేసింది రెండుసార్లు, రెండుసార్లూ చేప సంగతే, చిన్ని తినడం లేదు వినీలా, ఏం పెట్టను, అని. ఆమె చెప్పింది, చిన్న రొయ్యలు వెయ్యండి, లైటు తీసేసి వెయ్యండి, పక్కన నిలబడొద్దు, అని. లైటు తీసేసి వేశాను. కానీ తిన్నదా లేదా చూడకుండా ఎలా ఉంటాం, ఐదు నిమిషాలకోసారి లైటు వేసి చూశాను. వేసినప్పుడల్లా చిన్ని పైపులోకి వెనక్కి వెళ్ళిపోయేది, రొయ్యలు అలాగే ఉండేవి, పొద్దునకి తెల్లబడి కంపు కొట్టేవి. వినీల ఉన్నప్పుడు సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఈ గదిలో లైటు ఆర్పేసి నేల మీద కూర్చునేది, ఫోన్ కూడా చూసేది కాదు, చీకట్లో వాళ్ళిద్దరూ ఏం చేసుకునేవాళ్ళో నాకు తెలియదు. నేను వంటింట్లోంచి అరిచేవాడిని, తిన్నదా అని. “మీరు అరవకపోతే తింటుంది” అనేది. నేను గవర్నర్‌పేటలో కళ్ళద్దాల షాపులో పని చేస్తాను, ఇరవై రెండేళ్ళుగా జనానికి అద్దాలు పెట్టి, ఇప్పుడు బాగా కనిపిస్తోందా, పోనీ ఇప్పుడు, అని అడగడమే నా పని. చూడటం వచ్చు, చూడకుండా ఉండటం నాకు చేతకాదు, చూసి ఏం చేయాలో అంతకన్నా చేతకాదు.

చిన్ని కదిలింది. రెక్క ఒక్కసారి అలలాగా ఆడించి పైకి వస్తోంది, రా తల్లీ రా, మూతి పైకెత్తి నీళ్ళ పైకి వచ్చి, ఆగి, మళ్ళీ ఉలిక్కిపడ్డట్టు కిందకి పోయింది. టప్ మనలేదు. ఇంతసేపూ నేను కనిపెట్టనిది ఇదే, పైకి వస్తోంది గానీ చప్పుడు రావడం లేదు. రోజుకి ఎన్నిసార్లో ఆ చప్పుడు వినేవాళ్ళం ఈ ఇంట్లో, చిటిక వేసినట్టు టప్ మని ఒక చప్పుడు, అన్నం తింటుంటే, టీవీ చూస్తుంటే, గొడవ పడుతుంటే కూడా. పెళ్ళైన రెండో ఏట చేపని తెచ్చిన వారానికే అనుకుంటాను, వినీల నన్ను లాక్కొచ్చి చూపించింది. “చూడండి చూడండి, పైకొచ్చి గాలి మింగి వెళ్తంది. చేపే గానీ దీనికి నీళ్ళొక్కటే సరిపోవంటండీ, షాపతను చెప్పాడు, మనలాగే గాలి కావాలంట. అందుకే పైన ఖాళీ ఉంచాలి, మూత బిగించేయకూడదు.” ఆహా అన్నాను. షర్టు గుండీలు పెట్టుకుంటూ ఆహా అన్నాను, షాపుకి టైమవుతోందని. తొమ్మిదేళ్ళ కిందట ఒక చెవితో విన్న మాట ఇవాళ మధ్యాహ్నం మూడుంపావుకి గుర్తొచ్చింది, పన్నెండింటికి గుర్తొస్తే సరిపోయేది.

పన్నెండింటికి అమ్మ నూనె పోసింది. కిటికీలోంచి పడే వెలుగుకి ఇప్పుడు స్పష్టంగా కనిపిస్తోంది, నీళ్ళ మీద ఈ కొస నుంచి ఆ కొసదాకా పలచగా, రంగులు రంగులుగా, కదలకుండా పరుచుకుని ఉంది. ప్రార్థన నూనె. మా చర్చి జాన్ పాల్ అయ్యగారు మూడు రోజుల ఉపవాస ప్రార్థనల్లో చేతులుంచి ప్రార్థించి ఇచ్చిన ఆలివ్ నూనె, మందుల సీసా అంత సీసా, అందులో అమ్మ కొంచెం గంధం అత్తరు కూడా కలుపుకుంటుంది వాసనకి. ఆయన్ని ఏమీ అనడానికి లేదు, మంచి మనిషి, నూనెని చేపలకి పొయ్యమని ఆయనెప్పుడూ చెప్పలేదు. చెడు తలపెట్టిన వాళ్ళు ఈ కథలో ఎవరూ లేరు, అదే నన్ను తినేస్తోంది, ఉంటే వాళ్ళ మీద అరిచేవాడిని కదా. అమ్మ పొద్దున నా ఫోను మాటలు విన్నది. కోడలు వస్తోందంటే మొహం వెలిగిపోయింది, వెంటనే చేప వైపు చూసింది, చేప పక్కకి ఒరిగి ఉంది. “ఒరే, ఇది ఇట్టా ఉంటే ఆ పిల్ల మనసు ఇరిగిపోద్దిరా. మనం సరిగ్గా చూడలేదనుకుంటది.” అమ్మ భుజం పడిపోయి రెండేళ్ళైంది, కుడి చెయ్యి చెవి దాకా కూడా లేవదు, అక్వేరియం మీద ఉన్నది మందపాటి గాజు మూత. “ఆ మూత తియ్యరా జోయెలూ” అంది. తీశాను. మూత రెండు చేతుల్తో పట్టుకుని పక్కన నిలబడ్డాను. అమ్మ ఎడం చేత్తో సీసా పట్టుకుని కళ్ళు మూసుకుంది. “తండ్రీ, నీ బిడ్డ ఇంటికి వస్తంది ప్రభువా, దాని కళ్ళ ముందు ఈ మూగజీవం లేచి తిరగాలయ్యా” అని మూడు చుక్కలు వేసింది, మూడు చుక్కలకి నేను లోపల ఏమీ అనుకోలేదు, తర్వాత కళ్ళ నీళ్ళు పెట్టుకుని, మూడు చుక్కలు చాలవనుకుందో ఏమో, సీసా వంచేసింది. గళ గళ. సగానికి పైగా పడింది. నా నోట్లో ఒక మాట ఉంది, అమ్మా వద్దు అని, నాలుక చివరిదాకా వచ్చిందని ప్రమాణం చేసి చెప్పగలను. ఆమెన్ అన్నాను.

బస్సు ఇప్పుడు కొండపల్లి దగ్గర ఉంటుంది. కిటికీ పక్క సీటు దొరికితే తల అద్దానికి ఆనించుకుని నిద్రపోతుంది వినీల, దొరక్కపోతే ముందు సీటు కమ్మీ పట్టుకుని కూర్చుంటుంది. నూనె తీయాలి. ఎలా తీస్తారు నీళ్ళ మీద నూనెని, పులుసు మీద తేలిన నూనెని అమ్మ గరిటెతో తీసేది, గరిటె తెచ్చాను, గరిటెకి నీళ్ళు వస్తున్నాయి నూనె పక్కకి జారుకుంటోంది. పేపరు. షాపులో అద్దాల మీద జిడ్డుని మెత్తటి కాగితంతోనే కదా తీస్తాం. అక్వేరియం స్టాండు కింద అరలో పాత పేపర్ల కట్ట ఉంటుంది, లాగాను, కట్టతో పాటు చేపల మేత డబ్బా కింద పడింది, దాని వెనకాల ఒక బ్రౌన్ కవరు కూడా జారింది. కవరు మీద ఆసుపత్రి ముద్ర. దాన్ని అక్కడ పెట్టింది నేనే. అమ్మ ఇల్లంతా సర్దుతుంది గానీ ఈ అర జోలికి రాదు, చేపల కంపని. ఏడేళ్ళు వినీల రోజూ ఈ అర తీసింది, మేత డబ్బా తీసుకుంది, కవరు పక్కనుంచి చెయ్యి పోనిచ్చింది, మళ్ళీ మూసింది, ఒక్కరోజు కూడా దాన్ని తీసి బల్ల మీద పెట్టలేదు. అలా చేసుంటే నేను మనిషినయ్యేవాడినేమో. అలా అనుకోవడం కూడా తప్పు ఆవిడ మీద తోసేయడమే. కవరు మళ్ళీ లోపలికి తోశాను, పేపరు ఒకటి విప్పి నీళ్ళ మీద పరిచాను.

పేపరు కాసేపు తేలింది, నల్లబడింది, తీసి నేల మీద పడేశాను, ఇంకోటి. పెళ్ళి కూతురు కావలెను అన్న పేజీ, క్రికెట్ పేజీ, వరి ధరల పేజీ. గంధం వాసన గదంతా లేస్తోంది. ఈ వాసన వినీల జుట్టులో రెండేళ్ళు ఉంది, ఎన్ని తలస్నానాలు చేసినా పోయేది కాదు, దిండు గలీబుకి పట్టేసింది. ఏడేళ్ళ కిందట ఆ కవరులో రిపోర్టు ఇచ్చిన డాక్టరుగారు నెమ్మదస్తుడు, మా ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, “మీ ఆవిడలో లోపం ఏమీ లేదండీ. మీ రిపోర్టే బాలేదు. మందులు వాడినా పెద్దగా ఆశ పెట్టుకోవద్దు” అన్నాడు. ఆటోలో వస్తూ వినీల నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత వేడిగా ఉందో ఇప్పటికీ చెప్పగలను. “మనిద్దరమే ఉందాం, ఏమవుతుంది. అత్తయ్యగారికి మాత్రం మీరే చెప్పండి, నేను చెబితే బాగోదు.” చెప్తాలే అన్నాను. ఈస్టర్ అయ్యాక చెప్తానన్నాను, క్రిస్మస్ అయ్యాక చెప్తానన్నాను, అమ్మకి షుగర్ తగ్గాక చెప్తానన్నాను. ఈలోపల అమ్మ కోడల్ని ప్రార్థనలకి తీసుకెళ్ళడం మొదలుపెట్టింది, తీసుకెళ్ళడం అంటే నేనే ఆటో పిలిచేవాడిని. లోపల ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని వినీల నుదుటికి నూనె రాసేవాళ్ళు, తర్వాత పొట్టకి, తర్వాత పొట్ట మీద చేతులు పెట్టి నొక్కుతూ ఏడుస్తూ ప్రార్థించేవాళ్ళు, ఈ గర్భాన్ని తెరువు ప్రభువా అని. నేను బయట మెట్ల మీద వినీల హ్యాండుబ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడిని. లోపలి గొంతులన్నీ వినిపించేవి, వినీల గొంతు తప్ప. ఒకసారి బయటికి వచ్చి, జాకెట్టు అంతా నూనె మరకలతో, నా చేతిలోంచి బ్యాగు తీసుకుంటూ అడిగింది. “ఇందాక మీరెక్కడున్నారు?” ఇక్కడే ఉన్నాను అన్నాను, మెట్ల మీదే, ఎక్కడికీ పోలేదు అన్నాను, అదేదో గొప్పలాగా.

చిన్ని మళ్ళీ పైకొచ్చింది, నేను పేపరు తీసిన చోటికే వచ్చింది, మూతి పెట్టింది, అంతలోనే చుట్టుపక్కల నూనె జరిగొచ్చి అక్కడా పరుచుకుంది. ఎంత తీస్తే అంత వస్తోంది. నీళ్ళు మార్చాలి. పైన ట్యాంకులో చుక్క లేదు, కరెంటు లేకపోతే మోటారు ఎక్కడ తిరుగుతుంది, బాత్రూమ్‌లో డ్రమ్ము నిండా పొద్దున కుళాయి నీళ్ళున్నాయి, మూత తీస్తే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. వినీల రెండు రోజులు బకెట్లలో ఎండకి పెట్టిన నీళ్ళే పోసేది, బాల్కనీ నిండా బకెట్లే, అమ్మ బట్టలారేయడానికి దారి లేదని సణిగేది. వినీల వెళ్ళాక ఆ బకెట్లన్నీ కడిగి బోర్లించి ఒకదాంట్లో ఒకటి పెట్టింది నేనే, ఇల్లు సర్దినట్టుంటుందని. మగ్గుతో కొంచెం డ్రమ్ము నీళ్ళు తెచ్చి అక్వేరియం దాకా వచ్చి ఆగిపోయాను. పోస్తే చస్తుందా, పొయ్యకపోతే చస్తుందా. మగ్గు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను, మధ్యాహ్నం మూత పట్టుకుని నిలబడ్డ చోటే.

“ఏం చేస్తన్నావురా అక్కడ?” అమ్మ లేచింది. చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది, నేల మీద తడి పేపర్లు చూసింది, అవి నూనె పేపర్లని తెలియలేదు, చత్వారం, అద్దాలు నేనే మార్పించాలి. “కరెంటు ఇంకా రాలేదంటరా? ఎట్టా కూర్చుంటంది ఆ పిల్ల ఈ ఉక్కలో. మజ్జిగ చేసి పెట్టనా?” చేతుల్లో మగ్గు ఉంది. పక్కన అర ఉంది, అరలో కవరు ఉంది. ఇదిగో ఇప్పుడు, ఇంతకన్నా మంచి సమయం రాదు, ఇద్దరమే ఉన్నాం, బస్సు ఇబ్రహీంపట్నం దాటి ఉంటుంది.

“అమ్మా, నీకొక సంగతి చెప్పాలి.”

“చెప్పు.”

“వినీలలో లోపం ఏమీ…”

“లోపం నేనెప్పుడన్నానురా?” అమ్మ కుర్చీలో కూర్చుంది, నా కుర్చీలో. “నన్ను ఆరేళ్ళు అన్నార్రా గొడ్రాలని. మీ నాయనమ్మ నా చేత్తో అన్నం కూడా పెట్టనిచ్చేది కాదు పక్కింటి పసిబిడ్డలకి. అప్పుడు ఈ నూనేరా. పాత అయ్యగారు, ఇప్పుడాయన కాదు, సైకిలేసుకుని కాలవ గట్టెమ్మట వచ్చి తలకి రాసి పోయాడు. ఏడాది తిరిగేసరికి నువ్వు. నువ్వు నూనె బిడ్డవిరా జోయెలూ. అందుకే నా కోడల్ని ఎవరూ ఆ మాట అనకూడదని నేను ఏడ్చి ఏడ్చి రాస్తా. అది కోపం తెచ్చుకుంది.” ఎడం చేత్తో నా మోచెయ్యి పట్టుకుంది. “ఏదో చెప్పాలన్నావు?”

నేను ఆ నూనె బిడ్డని చూశాను, అక్వేరియం గాజులో కనిపిస్తున్నాడు, నలభై నాలుగేళ్ళు, బట్టతల, చేతిలో మగ్గు. ఈ ముసలావిడ బతుకంతా కలిపి ఒక్క సాక్ష్యం ఉంది, అది నేను. ఆ సాక్ష్యం లోపలే పుచ్చిపోయిందని ఎలా చెప్పను, చెబితే ఆ సైకిలు మీదొచ్చిన అయ్యగారు, ఆ కాలవ గట్టు, ఆ ఆరేళ్ళు ఏమైపోతాయి, అని నాకు నేను చెప్పుకుంటున్నాను, ఎంత బాగా చెప్పుకుంటున్నానో, జాలి అని పేరు పెట్టుకుంటే పిరికితనం కూడా పెద్దమనిషిలా కనిపిస్తుంది. అమ్మ తట్టుకునేది. ఆరేళ్ళు తట్టుకున్న మనిషి ఇది తట్టుకోలేదా. తట్టుకోలేనిది నేను, అమ్మ కళ్ళు నా మీద పడి ఒక్క క్షణం ఆగడాన్ని, అంతే, ఆ ఒక్క క్షణం కోసం వినీల పొట్ట మీద రెండేళ్ళు ఎవరెవరి చేతులో పెట్టించాను.

“మజ్జిగ చెయ్యమ్మా. ఉప్పు తక్కువ వెయ్యి, ఆమెకి” అన్నాను. అమ్మ సంతోషంగా వంటింట్లోకి వెళ్ళింది.

గొల్లపూడి. భవానీపురం. మగ్గులో నీళ్ళు మళ్ళీ డ్రమ్ములో పోశాను. పేపర్లు అయిపోతే నా పాత లుంగీ చింపి నీళ్ళ మీద పరిచాను, బట్ట బాగా పీలుస్తుంది, ఆ మూల కొంచెం తేటపడింది, చిన్ని మాత్రం ఇప్పుడు పైకి రావడం మానేసింది. గాజు మీద వేలితో తట్టాను. తట్టకూడదంటుంది వినీల. అయినా తట్టాను. దవడలు ఆడుతున్నాయి, ఆడి, ఆగి, ఆడి. ఇది బతికుంటే వినీల ఈ కుర్చీలో కూర్చుంటుంది, కాసేపు మాట్లాడుతుంది, మజ్జిగ తాగుతుంది, కూర్చుంటే నేను ఈసారి చెప్తాను, వాళ్ళిద్దరూ ఎదురుగా ఉండగానే చెప్పేస్తాను, కవరు తీసి బల్ల మీద పెడతాను, ముందు చేప బతకాలి. ఇలా షరతు పెట్టుకోవడం నాకు బాగా అలవాటు, ముందు ఈస్టర్ అవ్వాలి, ముందు షుగర్ తగ్గాలి. చేప నా షరతుల కింద పడి చస్తోంది. చేతులు జోడించాను, ప్రార్థన చేద్దామని, నిజంగానే చేద్దామని, చేతులు జిడ్డుగా ఒకదానికొకటి అంటుకున్నాయి, ప్రభువా అన్న తర్వాత ఏం అడగాలో తెలియలేదు, ఏది అడిగినా నేను చేయగలిగిందే అడుగుతున్నట్టుంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. ఆవిడ నడక. తలుపు తీసే ఉంది, వినీల గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. చిక్కలేదు, రంగు కూడా వచ్చింది కొంచెం, మైలవరంలో స్కూల్లో చేరిందని వాళ్ళక్క చెప్పింది, నేత చీర కట్టుకుంది, చేతిలో పెయింటు బకెట్టు, మూతకి మేకుతో కన్నాలు పొడిచినది. బకెట్టు బరువుగా ఉంది. సగం దాకా నీళ్ళున్నాయి, అక్కడి బోరు నీళ్ళు, అంత దూరం నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది, ఈ ఇంటి నీళ్ళు ఒక్క చుక్క కూడా అక్కర్లేదన్నమాట. “ఆటో కింద ఆపొచ్చాను” అంది. అంతలో వాసన తగిలింది ఆమెకి. తగలడం నాకు కనిపించింది, బకెట్టు కింద పెట్టేసింది, నేల మీద పేపర్లు చూసింది, నా లుంగీ ముక్క చూసింది, నీళ్ళు చూసింది.

“దీనిక్కూడానా?” అంది.

నేను ఏదో అనబోయాను. ఆమె బకెట్టు దగ్గరికి తెచ్చి మూత తీసి, నీళ్ళలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, చిన్ని పొట్ట కింద అరచెయ్యి పోనిచ్చి నెమ్మదిగా పట్టుకుంది, అది పెనుగులాడలేదు, నేను చెయ్యి పెడితే మూలమూలలకీ పారిపోయే చేప. పట్టుకునే, నా వైపు చూడకుండానే అడిగింది. “మూత ఎవరు తీశారు? అత్తయ్యగారి చెయ్యి లేవదుగా.”

“నేనే.”

“పోస్తుంటే మీరెక్కడున్నారు?”

“ఇక్కడే.”

తల ఊపింది. కోపం కాదు, కోపం వచ్చుంటే ఎంత బాగుండేది, షాపులో నెంబరు సరిపోయినప్పుడు జనం తల ఊపినట్టు ఊపింది. చేపని రెండు చేతుల్లో ఎత్తి బకెట్లోకి జార్చింది, నీళ్ళు చీర మీద ఒలికాయి. దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూస్తోంది, నేనూ వంగాను, ఇద్దరి తలలూ బకెట్టు మీదికి దగ్గరగా వచ్చాయి, ఫిబ్రవరి తర్వాత ఇంత దగ్గరగా ఇదే. చిన్ని అడుక్కి దిగిపోయింది. ఒరిగింది. దవడ ఆడింది, ఆగింది. అప్పుడు పొట్ట కింద రెక్కని ఒక కొస నుంచి వణికిస్తూ కదిపి, వంకరగా, పైకి, ఇంకా పైకి వచ్చి మూతి బయట పెట్టింది. టప్. వినీల నోట్లోంచి ఏడుపో నవ్వో చిన్న శబ్దం వచ్చింది. కాసేపటికి మళ్ళీ, టప్. దానికేమీ మందు అక్కర్లేకపోయింది, ఈ నీళ్ళలోంచి బయటపడటమే కావలసింది.

వంటింట్లోంచి అమ్మ గ్లాసు పట్టుకుని వచ్చింది. “వినీలమ్మా, కూర్చోమ్మా, మజ్జిగ…” “వద్దండీ అత్తయ్యగారు, ఆటో ఉంది” అంది వినీల, మర్యాదగా, గ్లాసు మాత్రం అందుకుని అక్వేరియం స్టాండు మీద పెట్టింది, అర మీద, కవరున్న అర మీద. ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. ఇది నా కోసం ఆగిన క్షణమని నాకు తెలుసు, తెలిసినంత స్పష్టంగా ఏదీ తెలియదు, గదిలో మేం ముగ్గురం, ఎవరూ ఎవరినీ కంగారు పెట్టడం లేదు, ఒక్క వాక్యం, ఐదారు మాటలు. నేను బకెట్టు అందుకోబోయాను, కిందిదాకా తెస్తానని. “అక్కర్లేదు” అంది. మూత పెట్టింది, కన్నాలు పైకి ఉన్నాయో లేదో వేలితో తడిమి చూసుకుంది, రెండు చేతుల్తో ఎత్తుకుని మెట్లు దిగింది. ఒక్కో మెట్టు మీద ఆగి నీళ్ళు నిలిచేదాకా చూసి దిగింది. మలుపులో మనిషి కనిపించకుండా పోయాక కూడా బకెట్టులోంచి టప్ మనే చప్పుడు ఒకసారి వినిపించింది. తర్వాత ఆటో స్టార్టయింది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది, ఖాళీ నీళ్ళలో పంపు గొరగొరమని బుడగలు తీయడం మొదలుపెట్టింది, బుడగలు పైకొచ్చి నూనె కింద కాసేపు ఆగి పగులుతున్నాయి. అమ్మ బాల్కనీ కమ్మీ పట్టుకుని ఆటో పోయిన వైపు చూసి వచ్చింది.

“ఎల్లిపోయిందా?”

“వెళ్ళిపోయిందమ్మా.”

“మజ్జిగ ముట్టలేదు.” గ్లాసు తీసుకుంది. “చేపెట్టా ఉంది? లేచిందా?”

“లేచింది. గాలి పీల్చుకుంది.”

“స్తోత్రం తండ్రీ, స్తోత్రం.” ఎడం చెయ్యి పైకెత్తింది, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. “చూశావంట్రా? చచ్చిపోయేదాన్ని లేపాడు. నూనె ఊరకే పోద్దా. ఆ పిల్ల కూడా నమ్మి నిలబడితే ఈపాటికి ఈ ఇంట్లో బిడ్డ తిరిగేది. దాని మనసులోనే ఉంది లోపం, ఏమంటావు?”

నేను గాజు మూత ఎత్తి అక్వేరియం మీద పెట్టాను. ఇప్పుడది ఎంత బిగించినా ఫర్వాలేదు.

“అవునమ్మా” అన్నాను.